నూకాలు పాటకు కదిలిన రాయి

అనగనగా ఒక రేవు పట్నం. దాని ముందు సముద్రం, నీళ్ళకింద నక్కిన రాళ్ళు. పగలు వచ్చిన ఓడ క్షేమంగా ఒడ్డు చేరేది. చీకటి పడ్డాక వచ్చిన ఓడ చెక్కలై చేరేది.

కొండమీద మంట వేస్తే గాలికి ఆరిపోయేది. అందుకని ఆ పట్నాన్ని ఏలే చంద్రకేతు మహారాజు తాటిచెట్టంత రాయిని చెక్కించి, దాని తలలో దీపానికి గూడు తొలిపించాడు. ఇక దాన్ని కొండమీదికి లాగి నిలబెట్టాలి.

రాజుకు చాలా తొందరగా ఉంది. ఆయన ఒక్కగానొక్క కూతురు హేమప్రభ ఎక్కిన ఓడ అమావాస్యనాటి రాత్రికి వస్తుంది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. రాజు భయపడుతున్నాడని జనం అనుకోకూడదట. రాజులకు అదో జబ్బు. తన కీర్తి కోసమే ఈ స్తంభమని చాటింపు వేయించాడు.

జనం వచ్చి రాయికి కట్టిన పెద్ద మోకు పట్టారు. ఒకరు పాట చెబుతుంటే అందరూ హైలెస్సా అంటూ ఒక్క ఊపున లాగడం ఆ తీరంలో పద్ధతి. రాజు ఆస్థానకవిచేత పాట రాయించాడు. మొదటి చరణం నిండా రాజుగారి భుజబలం, రెండో చరణం నిండా రాజుగారి మీసం. జనం గౌరవంగా విన్నారు. రాయి కూడా గౌరవంగా విని, ఉన్నచోటే ఉంది.

రెండోరోజు రాజు తలకో పట్టుపంచె ఇస్తానన్నాడు. రాయి జానెడు కదిలి ఆగిపోయింది. పంచె ఎలాగూ అందరికీ వస్తుంది, పక్కవాడు లాగుతాడులే అనుకున్నాడు ప్రతివాడూ.

మూడోరోజు అమావాస్య. రాజు ముఖం పాలిపోయింది. వలలు లాగేచోట పాట చెప్పే నూకాలును పిలిపించాడు. ముసలిదానికి పళ్ళు లేవు గానీ, గొంతు మాత్రం శంఖమే. ముందు వీళ్ళంతా ఎందుకొచ్చారో అడగాలంది నూకాలు. అందరూ స్తంభం కోసమే వచ్చారన్నాడు రాజు.

"తాడొకటే మారాజా. పట్టిన చేతులు వేరు," అంది నూకాలు.

ఆమె ఒక్కొక్కరినీ అడుగుతూ వరస వెంట నడిచింది. రాయి చెక్కిన శిల్పి కొండలు, తన చేతిపని బురదలో పడి ఉంటే నిద్ర పట్టడం లేదన్నాడు. జాలరి ఎర్రయ్య, తన ఇద్దరు కొడుకులు నడిసంద్రంలో ఉన్నారన్నాడు. మేకలు కాసే గంగులు తల గోక్కున్నాడు. సముద్రంతో అతనికేం పని? పెళ్ళాం పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదని, ఇక్కడైతే పదిమందితో కలిసి తినొచ్చని వచ్చానని మెల్లగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

చివరికి నూకాలు రాజు ముందు ఆగింది. "మరి తమరెందుకు?"

కీర్తి అనబోయాడు రాజు. నోరు రాలేదు.

"నా బిడ్డ ఈ రాత్రి ఓడలో వస్తోంది, అవ్వా. నాకు భయంగా ఉంది."

రాజు కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టి, వెళ్ళి ఎర్రయ్య వెనక మోకు పట్టాడు. నూకాలు గొంతెత్తింది.

"కొండలు చెక్కిన రాయి లేవాలి" – హైలెస్సా!
"ఎర్రయ్య కొడుకులు ఇల్లు చేరాలి" – హైలెస్సా!
"గంగులు పక్కన ఊరు కూకోవాలి" – హైలెస్సా!
"మారాజు కూతురికి దారి కనపడాలి" – హైలెస్సా!

అలా వరసలో అందరి పేర్లూ పాటలోకి వచ్చాయి. తన పేరు వినగానే ప్రతివాడి ఒళ్ళూ పులకరించింది. వింతేమిటంటే, పక్కవాడి పేరు వినగానే ఇంకా గట్టిగా లాగాడు. రాయి కదిలింది. పిల్లలూ, అంత రాయి కొండెక్కుతుంటే చూడాలి! కింద దుంగలు కిర్రుమన్నాయి, పక్షులు గుంపులుగా లేచాయి, సముద్రపు గాలి సైతం ఆగి చూసింది. పొద్దు గుంకేసరికి రాయి ఆకాశంలోకి నిటారుగా నిలబడింది. అందరూ తలలెత్తి చూశారు.

"దీన్ని మనమే లేపామా?" అన్నాడు గంగులు.

గూట్లో దీపం వెలిగించారు. చాలాసేపు నీళ్ళమీద చీకటే. తరవాత ఎక్కడో దూరంగా ఒక చుక్కంత వెలుగు, రాళ్ళను తప్పించుకుంటూ మెల్లగా వంపు తిరిగింది. అది హేమప్రభ ఓడ. దాని వెనకే ఎర్రయ్య కొడుకుల పడవ. రాజు కొండమీదే కూలబడి, అందరి ముందూ ఏడ్చాడు.

ఆ రాత్రి ఊరంతా ఒకే పంక్తిలో కూర్చుంది. గంగులు విస్తరికి ఒకపక్క నూకాలు, ఇంకోపక్క మహారాజు.

ఒక్క తాడును నూరు చేతులు పట్టవచ్చు. ఏ చెయ్యి ఎందుకు పట్టిందో తెలుసుకుని, తన చెయ్యి ఎందుకు పట్టిందో దాచకుండా చెప్పినప్పుడే కొండంత పనైనా కదులుతుంది.