ఎర్రచుక్క పెళ్ళికూతురు

"నా ఏలుబడిలో ఏ ఆడపిల్లా పుట్టిన నక్షత్రానికి శిక్ష అనుభవించదు" అని పట్టాభిషేకం నాడు రాజు మాటిచ్చాడు. మూడేళ్ళు తిరక్కుండానే, మనువు కుదిరిన నూకాలును రాజ్యం విడిచి పొమ్మన్నాడు. బుట్టలల్లుకునే నూకాలు నిర్ఘాంతపోయింది. తను చేసిన నేరం, దక్షిణాన ఎర్రగా వెలిగే జ్యేష్ఠా నక్షత్రంలో పుట్టడం! అలాంటి పిల్ల మెట్టినింట అడుగుపెడితే మొగుడి అన్న చస్తాడని ఆస్థాన సిద్ధాంతి తేల్చాడట.

నూకాలు తిన్నగా సభకు వెళ్ళింది.

"సిద్ధాంతిగారూ, బావగారు చావడం ఖాయమేనా?"

"రేపు తెల్లవారడమెంత ఖాయమో అంత!"

"అయితే మహారాజా, మన పొలిమేరలో దండు దించిన పొరుగురాజుకు పెళ్ళికాని తమ్ముడున్నాడు. నన్ను అతనికిచ్చి చేయండి. అన్నగారి పని నా చుక్క చూసుకుంటుంది. మన సైన్యాన్ని ఇళ్ళకు పంపేయండి. కోటగుమ్మంలో సిద్ధాంతిగారొక్కరే కాపలా ఉంటారు."

రాజు ఆశగా సిద్ధాంతి వైపు తిరిగాడు. "ఏమయ్యా, సైన్యాన్ని పంపేయనా?"

సిద్ధాంతి గబగబా చేతులు అడ్డం పెట్టాడు. "వద్దు ప్రభూ! ఒక్క చుక్కను నమ్మి కోటను వదులుకుంటామా?"

"మరి నా ఇల్లు వదులుకోవాలా?" నూకాలు కోపంగా నిలదీసింది. "కోటకో న్యాయం, గుడిసెకో న్యాయమా? మీరిచ్చిన మాట ఉందో పోయిందో చెప్పండి మహారాజా. నా పెళ్ళి దశమికి. నాకు జవాబు కావాలి, శ్రావణ శుద్ధ పంచమిలోగా."