ఈదమ్మ జానెడు

అనగనగా అంటే ఎన్నాళ్ళ కిందటో లెక్క చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. అప్పుడు తిప్పన్న దగ్గర ఉన్నవి మూడంటే మూడు రూపాయలు. మూడూ పెట్టి చూలుతో ఉన్న పందిని కొన్నాడు. అది తొమ్మిది పిల్లల్ని ఈనింది.

తిప్పన్న వేళ్ళు మడిచి లెక్క వేశాడు. పిల్లలకి తొందరగా పాలు మాన్పిస్తే తల్లికి తొందరగా మళ్ళీ చూలు నిలుస్తుంది. నెల నిండకుండానే పిల్లల్ని విడదీసి, తొట్టిలో పచ్చి తవుడు నీళ్ళు పోశాడు.

పక్క గుడిసెలో ఈదమ్మ ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేని ముసలిది. ఆమెకున్నవి రెండు పందిపిల్లలు, ఒక కుండ. గంజీ, బియ్యం కడుగునీళ్ళూ, తవుడూ ఆ కుండలో పులిసేవి. వాసన అణగడానికి పైన ఎప్పుడూ ఒక దబ్బాకు తేలుతుండేది. అయినా వాసన గూడెమంతా కొట్టేది.

ఈదమ్మ వచ్చి చెప్పింది. "నాయనా, పాలు మరిచిన కడుపు పచ్చిది. పులిసింది పొయ్యి. అడుగున జానెడు మాత్రం ఎన్నడూ ఊడ్చకు. ఆ జానెడే రేపటి కుండ."

"అవ్వా, నీ కుండ వాసనకి నా పందులే ముక్కు మూసుకుంటున్నాయి," అన్నాడు తిప్పన్న. గూడెమంతా నవ్వింది. ఈదమ్మ కూడా నవ్వింది.

తిప్పన్న పిల్లలకి కడుపు పారుడు పట్టింది. మొదటి రోజు ఒకటి చచ్చింది. రెండో రోజు రెండు. మూడో రోజు మూడు. మిగిలినవి మూడు. ఈదమ్మ పిల్లలు మాత్రం తోకలు మెలేసి గంతులేస్తున్నాయి.

అడిగితే ఆమె పెట్టేదే. కానీ అంతమంది ముందు ఎగతాళి చేసిన నోటితో ఎలా అడగడం? తిప్పన్న వేళ్ళు మడిచి లెక్క వేశాడు. మూడు పిల్లలు కోలుకోవాలంటే కుండెడు కావాలి. జానెడు వదిలితే మూడు రోజుల మేత తక్కువవుతుంది. ఈదమ్మ తవుడు అడుక్కోవడానికి వెళ్ళిన వేళ, పట్టపగలే, ఆమె కుండని తన కుండలోకి వంపుకున్నాడు. ఆమె మాట గుర్తుంది. గుర్తుండే అడుగు ఊడ్చాడు.

మూడు పిల్లలూ లేచి నిలబడ్డాయి. ఎలాగని గూడెం అడిగితే, అంతా తన లెక్కేనన్నాడు. మొదటిసారి తడబడ్డాడు. రెండోసారి దగ్గాడు. మూడోసారికి నాలుక తిరిగిపోయింది.

అలా పదిమందికీ చెబుతుండగా ఈదమ్మ వచ్చింది, చేతిలో చిప్పతో. కొత్తగా పోసిన గంజి ఎంతకీ పులవలేదట. తవుడు నీళ్ళే పోస్తే పిల్లలు రెండూ పోయాయట. ఎవరో జాలిపడి ఇంకో పిల్లని ఇచ్చారట.

"నాయనా, నీ పులుపు ఒక్క గరిటెడు పెడతావా?" అంది.

నీ పులుపు, అంది. కుండలో దబ్బాకు ఇంకా తేలుతూనే ఉంది. ఆమె దాన్ని చూసింది. ఆమె చూడడం తిప్పన్న చూశాడు. తలెత్తకుండా గరిటెడు పోశాడు. చల్లగా ఉండమని దీవించి ఆమె వెళ్ళిపోయింది.

రేపు నిజం చెప్పేస్తాననుకున్నాడు. మర్నాడు వాన. రేపు చెబుతాననుకున్నాడు. మర్నాడు ఆమె గుడిసె దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. రేపు తప్పకుండా అనుకున్నాడు. మూడో రోజు ఈదమ్మ లేవలేదు.

మట్టి చేసి వస్తుంటే గూడెం పెద్ద అతని భుజం తట్టాడు. "పోన్లేరా, నీ పుణ్యాన ముసలిదానికి ఆఖర్న గరిటెడు పులుపైనా దక్కింది."

ఈసారి తిప్పన్న వేళ్ళు మడవలేదు.

ఇప్పటికీ ఆ వైపు పందులు పెంచేవాళ్ళు పులుపు కుండ అడుగు ఊడ్చరు. మిగిల్చినదాన్ని ఈదమ్మ జానెడు అంటారు. ఎవరు అడిగినా లేదనరు. గరిటెడు పోసి, "నాది కాదు, ఈదమ్మది," అంటారు. తీసుకునేవాళ్ళు తల ఎత్తుకునే ఉంటారు. పోసేవాళ్ళే వంచుకుంటారు.

ఆ మాట మొదట అనవలసి వచ్చినవాడు తిప్పన్న. ఈదమ్మని మట్టి చేసిన మర్నాడు పొద్దున్నే కుండ చంకనెత్తుకుని మొదటి గుడిసె ముందు నిలబడ్డాడు. గూడెంలో గుడిసెలు పదిహేడు. లోపలినుంచి ఎవరో "ఎవరది?" అన్నారు.

తిప్పన్న తల వంచుకుని, గరిట కుండలో ముంచాడు.