పాదాలు కప్పని చాప

దగ్గరికి జరగండి, చెబుతాను. ఇది మన తాతల తాతలకు కూడా పాతకథే.

అనగనగా నల్లమడుగు అని ఒక చిత్తడి. అందులో మనిషెత్తు జమ్ము. ఆ ఒడ్డున పైడమ్మ అనే ముసలామె. జమ్ము కోసేది, ఎండబెట్టేది, చాప అల్లేది. ఆ ఒడ్డున అందరి బతుకూ జమ్మే. పడకకు చాప, గోడకు తడిక, పడవకు తాడు.

ఆ సీమకు ఒక దొర ఉండేవాడు. మడుగు ఆ దొర తవ్వింది కాదు. జమ్ము దొర నాటింది కాదు. అల్లే చేతులు దొరవి కావు. అయినా అంతా దొరదే అన్నారు.

కోతకు ఒక పద్ధతి ఉండేది. నీటి పైన జానెడు మోడు వదలాలి. జమ్ము ఊపిరి ఆ మోడులోంచే. నీటి అడుగున కోస్తే వేరు కుళ్ళి చస్తుంది.

ఒక ఏడు దొర కొత్త మేడ కట్టాడు. దివాణం మనిషి వచ్చాడు.

"మేడంతా పరవాలి. నిలువు పొడుగు చాపలు కావాలి. అల్లనివాడికి ఈ ఒడ్డున గుడిసె ఉండదు."

ఆ ఏడు వానలెక్కువ. జమ్ము సగానికి మునిగింది. పైన ఉన్నది పొడుగు చాపకు చాలదు. జనం చేతులు నీళ్ళలో ముంచి అడుగుకంటా కోశారు.

పైడమ్మ దివాణం మనిషి దగ్గరికి పోయింది. "అయ్యా, ఊపిరికి జానెడు వదలనియ్యండి."

"గడ్డికి ఊపిరేమిటే ముసలీ? నీది ఎన్నాళ్ళుంటుందో చూసుకో."

మరిది గవరయ్య దగ్గరికి పోయింది. "గవరయ్యా, ఊపిరికి జానెడు వదలవయ్యా."

"గుడిసె పీకేస్తే నీ మోడు మీద కాపురం పెట్టనా వదినా?" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఇక జమ్ము దగ్గరికే పోయింది. మిగిలింది ఒక్క దుబ్బు. నడుంలోతు నీళ్ళలో దాన్ని కావలించుకుని నిలబడింది. "ఊపిరికి జానెడు" అంది. కోత ముగిసేదాకా కదల్లేదు. ఆ దుబ్బును ఎవరూ ముట్టలేదు. ఆమెను బయటికి రమ్మని కూడా ఎవరూ అనలేదు.

చలిజ్వరం పట్టుకుంది. పైడమ్మ పోయింది.

పోయినవాళ్ళను కొత్త చాపలో చుట్టి పూడ్చడం అక్కడి ఆచారం. చాపలన్నీ మేడకు పోయాయి. గవరయ్య కొడవలి పట్టుకుని ఆ దుబ్బు దగ్గరికి నడిచాడు. అడుగున కోస్తే ఆమెకు నిండుగా వస్తుంది. చెయ్యి నీళ్ళలో పెట్టాడు. పెట్టి, తీసేశాడు. జానెడు వదిలి కోశాడు. ఏడుస్తూ అల్లాడు. చాప పొట్టిదైంది. పాదాలు బయటే ఉండిపోయాయి. అలాగే పూడ్చారు.

మరుసటి ఏడు మడుగంతా కుళ్ళు వాసన. చిగురు వేసింది ఆ దుబ్బొక్కటే. అది మడుగంతా పాకేసరికి ఒడ్డున సగం గుడిసెలు ఖాళీ. ఎటు పోయారో ఎవరికీ తెలియదు. మేడలో చాపల్ని చెదలు తిన్నాయి. దొర పేరు ఎవరికీ గుర్తులేదు.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఎవరు పోయినా పొట్టి చాపే చుడతారు. పాదాలు కప్పరు. కొత్తగా వచ్చినవాళ్ళు చూడలేక తువ్వాలు తీసి కప్పబోతారు. ముసలివాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపుతారు.

"ఉండనీ నాయనా. ఆ జానెడు మనం బాకీ."