మన్ను మిగిలిన చోట

అనగనగా ఏటి గట్టున ఒక ఊరు. ఆ ఊరికి రాణి సూరమాంబ. ఊఁ కొడుతూ వినాలి మరి, ఊఁ ఆగితే కథా ఆగుతుంది.

ఏటేటా ఏరు పొంగేది, ఇళ్ళు కొట్టుకుపోయేవి. ఒక ఏడు రాజుగారినే తీసుకుపోయింది. అప్పుడు సూరమాంబ కళ్ళు తుడుచుకుని, "ఇక ఈ గట్టున బతకొద్దు. మెరకన కొత్త ఊరు కడతాను" అంది.

ఆమెకి ఎర్రరాజని ఒక మరిది. వాడి చూపంతా సింహాసనం మీదే. ఆమె కాపురానికొచ్చిన రోజునే, "గొడ్లసావిట్లో పెరిగిన పిల్ల కోటలో ఇముడుతుందా?" అని నవ్విన మనిషి. ఆ మాట సూరమాంబ మర్చిపోలేదు. ఎందుకు మర్చిపోవాలి?

"వదినా, కోట కట్టడమంటే పిడకలు కొట్టడం కాదు" అన్నాడు నిండు సభలో. "నేనిక్కడే గట్టున మేడ కడతా. వానలకి ఎవరిది నిలిస్తే వాళ్ళదే రాజ్యం."

"సరే మరిదీ" అంది సూరమాంబ.

ఆ తర్వాత పెద్దలు చెప్పిన పరీక్ష మొదలుపెట్టింది. గుంట తవ్వాలి. తవ్విన మన్నుతోనే మళ్ళీ పూడ్చాలి. మన్ను మిగిలితే నేల గట్టిది, చాలకపోతే గుల్లది. బీటలు తీసిన రేగడిలో తవ్వించింది, చాలలేదు. ఇసకదిబ్బ మీద తవ్వించింది, చాలలేదు. అప్పుడు ఎర్రమట్టి మెట్ట ఎక్కి గునపం తనే పట్టింది. గుంట పూడి, పైన గంపెడు మన్ను మిగిలింది!

ఎర్రరాజూ గట్టున తవ్వించాడు. మన్ను చాలలేదు. అప్పుడేం చేశాడూ? ఎక్కడినుంచో తట్టలతో తెప్పించి పోయించాడు. "చూశారా, మిగిలింది!" అని మీసం దువ్వి, అక్కడే మేడ లేపాడు. నేలనే మోసం చేద్దామనుకున్నాడు, వెర్రివాడు.

మెట్ట మీద సూరమాంబ తాడు పట్టించి, తూర్పూ పడమరా, ఉత్తరం దక్షిణం వీధులు తీయించింది. కోటలో ఈశాన్యాన బావి, ఆగ్నేయాన వంటశాల, వాయువ్యాన గొడ్లసావిడి. మన వంటిల్లు కట్టిన మేస్త్రీలా మాట విననివాళ్ళు కాదు ఆ పనివాళ్ళు. పొగంతా చక్కగా బయటికి పోయేది. కోట నట్టనడుమ మాత్రం ఒక్క స్తంభమైనా లేకుండా విశాలంగా వదిలించింది. ఆ చోటు బ్రహ్మదట, అక్కడ బరువు పెట్టకూడదు.

ఎర్రరాజు వచ్చి చూసి, "కోట కడతానని కళ్ళం చేశావేం వదినా! ఇందులో వడ్లు నూరుస్తావా?" అన్నాడు. ఆమె తన పని తాను చేయించుకుంటూ పోయింది.

వానలు పడ్డాయి. ఏరు పొంగింది. మొదట మేడ మెట్లు మునిగాయి. ఆ తర్వాత గోడలు నెర్రెలిచ్చాయి. ఆ తర్వాత మేడంతా చతికిలబడింది.

అప్పుడు పల్లపు ఊళ్ళ జనమంతా పిల్లాజెల్లాతో మెట్టెక్కారు. ఎక్కడ ఉండాలి వాళ్ళు? బ్రహ్మ చోటుంది కదా! కళ్ళం అన్నాడే, అక్కడే అందరూ ఒదిగారు. మెట్ట మీద ఒక్క గోడ కదల్లేదు.

చిట్టచివర ఎర్రరాజు వచ్చాడు, మీసం తడిసి, ఒళ్ళంతా బురదతో. "వదినా, రాజ్యం నీదే. నాకూ కాస్త చోటు..."

సూరమాంబ సింహాసనం మీద నిటారుగా కూర్చుంది. "రా మరిదీ, నిన్ను తోసేస్తానా? వాయువ్యం మూల గొడ్లసావిడి ఉంది, వెచ్చగా పడుకో. అందులో పెరిగినవాళ్ళకి కోటలు కట్టడం వస్తుంది."

జనం గొల్లున నవ్వారు. ఆ తర్వాత మెట్ట దద్దరిల్లేలా రాణికి జేజేలు పలికారు.

తెచ్చిన మన్ను ఏటికి,
మిగిలిన మన్ను కోటకి,
మరిదేమో సావిటికి,
కథేమో కంచికి,
నిద్రేమో నీ కంటికి.