ముళ్ళబంతి నోరు

హైమవతికి కలల్లో కూడా ముళ్ళబంతులే కనిపించేవి.

సముద్రం అడుగు నుంచి తవ్వి తీసిన రాయిని పొడి చేసి, ఆమ్లంలో కరిగించి, మిగిలిన మడ్డిని మైక్రోస్కోప్ కింద పెడితే అవి బయటపడేవి. మామూలు కంటికి ఆనవు. గుండ్రటి బంతులు, ఒళ్ళంతా ముళ్ళు. కోట్ల ఏళ్ళ నాటివి. అవి ఏ ప్రాణివో ఎవరికీ అంతుపట్టలేదు. చేపగుడ్లని కొందరు, పుప్పొడి అని కొందరు కొట్టుకుంటున్నారు.

హైమవతి మాత్రం తేల్చేసింది. ప్రతి బంతికీ ఒకపక్క కత్తిరించినట్టు ఒక రంధ్రం ఉంది. అదే నోరు. నోరుందంటే ఇది తిండి వెతుక్కుని తినే జంతువే. వ్యాసం రాసింది. దానికో పేరు కూడా పెట్టేసింది. పెద్ద పండితుల సభలో చదవమని పిలుపొచ్చింది. ఇక గురువుగారు సరే అనడమే తరువాయి.

గురువుగారంటే కరీముల్లా మాస్టారు. ఉద్యోగం వదిలాక భీమిలిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న పెంకుటింట్లో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నాడాయన.

"చదివారా మాస్టారూ?"

"చదివానమ్మాయ్. చక్కగా రాశావు. ఇంతకీ ఇది ఏం తింటుంది?"

"అదింకా తెలీదండీ."

"అడిగి చూశావా?"

"ఎవర్నండీ? అన్నీ రాళ్ళేగా!"

మాస్టారు లేచాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఒక గాజుసీసా చేతపట్టుకుని బయల్దేరాడు. విసుక్కుంటూనే హైమవతి వెంట నడిచింది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఆయన నీళ్ళలోకి దిగి, నల్లటి బురద తోడి సీసాలో నింపాడు.

"ఇది మొన్నమొన్నటి బురద మాస్టారూ. నా రాయి కోట్ల ఏళ్ళది!"

"అవును. సీసా జారుతుంది, గట్టిగా పట్టుకో."

ప్రయోగశాలకొచ్చి హైమవతి బురదని సన్న జల్లెడలో కడిగింది. మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టింది. పెట్టిన కన్ను తియ్యలేదు.

అవే ముళ్ళు. అదే బంతి. కానీ ఇవి ఖాళీగా లేవు. లోపల గోధుమరంగులో ఏదో నిండుగా ముడుచుకుని ఉంది. ఎంత తిప్పి చూసినా రంధ్రం మాత్రం కనపడలేదు.

"మాస్టారూ, వీటికి నోరు లేదు!"

"అయ్యో పాపం," అన్నాడాయన. ఒక గాజుపళ్ళెంలో శుభ్రంగా వడకట్టిన సముద్రపు నీళ్ళు పోసి, బంతుల్ని అందులో వదిలి, వెలుతురొచ్చే కిటికీ దగ్గర పెట్టాడు.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"చూస్తూ ఉండు."

హైమవతి అక్కడే ఉండిపోయి, రోజూ చూస్తూనే ఉంది. బంతులు కదల్లేదు. సభ దగ్గరపడింది. వెళ్ళి చదివేస్తే పేరొస్తుంది. కానీ నోరు లేని ఆ బంతులు ఆమెను వెళ్ళనివ్వలేదు. రాలేనని కబురు పంపిన రోజు అన్నం సహించలేదు. మాస్టారు చేపలపులుసు ఇంకో గరిటె వడ్డించాడు.

ఒక ఉదయం, ఎండ అప్పుడే పళ్ళెం మీదికి వచ్చింది. హైమవతి మైక్రోస్కోప్‌లో చూస్తుండగానే ఒక బంతి లోపల కదలిక వచ్చింది. పక్కన చిన్న మూతలాంటిది ఊడింది. ఆ సందులోంచి లోపలిది మెల్లగా, ఒళ్ళు సాగదీసుకుంటూ బయటికొచ్చింది. దానికి ఒక్క ముల్లు లేదు. నున్నగా ఉంది. వెంట్రుకకన్నా సన్నని తోకలు ఆడిస్తూ, బొంగరంలా గిరగిర తిరుగుతూ నీళ్ళలోకి దూసుకుపోయింది.

వెనక ఖాళీ ముళ్ళబంతి మిగిలింది. ఒకపక్క కత్తిరించినట్టు రంధ్రం.

"మాస్టారూ!"

ఆ కేకకి కరీముల్లా మాస్టారు టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. హైమవతి నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నోరు కాదండీ, అది తలుపు! నేనిన్నాళ్ళూ ఖాళీ ఇంటికి పేరు పెట్టాను!"

ఆయన వంగి మైక్రోస్కోప్‌లో చూశాడు. చూస్తూ చూస్తూ చిన్నపిల్లాడిలా నవ్వేశాడు.

ఆమె గబగబా పళ్ళేన్ని అటూ ఇటూ జరిపి వెతికింది. "ఏదండీ అది? ఇప్పుడే ఇక్కడే ఉంది. ఎటో పోయింది, పట్టుకోవాలి!"

మాస్టారు ఆమె చెయ్యి మెల్లగా పక్కకి తీశాడు.

"కాసేపు వదిలెయ్ తల్లీ. ఈత కొట్టి ఎన్నాళ్ళయిందో!"