మెట్లు తాగిన నీళ్ళు

జోగారావు మేష్టారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెప్పే అలవాటు ఉంది. విజయనగరంలో ఆయన వయొలిన్ పాఠం మేడ మీద, కుళాయి కింద వీధిలో. నీళ్ళు పొద్దున్న ఒక్క గంటే వస్తాయి కనుక, ముందుగా వచ్చిన శిష్యుడు ఇత్తడి బిందెతో ఎనిమిదిసార్లు మెట్లెక్కి డ్రమ్ము నింపాకే వయొలిన్ ముట్టుకోవాలి. ఎనిమిది బిందెలకీ ఎనిమిది దెబ్బల ఆదితాళం ఒక ఆవర్తనం అంటూ మేష్టారు తొడమీద లెక్క వేసుకునేవారు. ఆ బిందె ఆయనకి మామగారు పెట్టినది. దాని వెనక ఒక పెద్ద అలక కథ ఉంది గాని, ఇక్కడ దానితో పని లేదు.

ఆ రోజు ముందుగా వచ్చినవాడు కామేశం. పెళ్ళి కచేరీల్లో పక్కవాద్యం వాయించే ముప్పై ఏళ్ళవాడు. కిందటి నెల పార్వతీపురం బస్సు దారిలో ఆగిపోయి, అతను పందిట్లోకి చేరేసరికి అతని చోట వేరొకరు కూర్చుని శ్రుతి చేసుకుంటున్నారు. ఆ అవమానం మింగలేక కారు కొనడానికి సిద్ధపడ్డాడు. అప్పు ఆరు లక్షలు. నాలుగేళ్ళలో తీరిస్తే నెలవాయిదా పదిహేను వేల పైచిలుకు. ఏడేళ్ళయితే పదివేల లోపు. పదకొండు గంటలకి షోరూములో సంతకం పెట్టాలి.

మేష్టారింటికి కాఫీకని వెళ్ళిన నేను, ఏనాడో బి.కాం. చదివిన పాపానికి, నా జేబులోని పాత కేలండరు కాగితం వెనక లెక్క కట్టి చూపించాను. వడ్డీ నాలుగేళ్ళకి లక్షా ముప్పై వేలు, ఏడేళ్ళకి రెండు లక్షల ముప్పై ఏడు వేలు. కామేశం మర్యాదగా విన్నాడు.

"నిజమే బాబాయిగారూ. కాని నెలకి పదివేలంటే ఒంటికి తెలీదు కదండీ!" అని, మేష్టారి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. తేలికైనది ఎంచుకోవడం తప్పా?"

మేష్టారు వంటింట్లోకి వెళ్ళి పాలు కాచే తపేలా తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"భుజం నొప్పన్నావుగా. ఇవాళ బిందె వద్దు. దీంతో మొయ్యి, ఒంటికి తెలీదు."

కామేశం సంతోషించాడు. మొదటి ఆవర్తనమంతా ఈల వేస్తూనే ఎక్కాడు. ఆ మెట్లకి నడుమ ఇరుకైన మలుపు ఒకటుంది. బిందె అయినా తపేలా అయినా అక్కడ దోసెడు నీళ్ళు ఒలకకుండా తిరగడం ఎవరి తరమూ కాదు. రెండో ఆవర్తనంలో ఈల ఆగింది. మూడోదానిలో పంచె మోకాళ్ళదాకా తడిసింది. కింది వాటాలో ఉండే సూరమ్మ తలుపు తీసి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏటి బాబూ, మెట్లకి తలంటు పోస్తన్నావేటి? కుంకుడుకాయలు కూడా తెమ్మంటావా?"

నాలుగో ఆవర్తనం సగం దాటాక డ్రమ్ము నిండింది. కామేశం రొప్పుతూ పై మెట్టు మీద కూలబడ్డాడు. మేష్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"డ్రమ్ములో నీళ్ళు రోజూ అంతేనా, ఇవాళ ఎక్కువున్నాయా?"

"రోజూ అంతేనండి."

మెట్ల మీంచి సన్నటి ధార ఒకటి వీధి కాలవ దాకా పారుతోంది. కామేశం దాన్ని చూశాడు. ఓడిపోవడం ఇష్టంలేని మనిషి, "బిందెతో మోసినా ఒలుకుతాయి కదండీ!" అన్నాడు.

"ఒలుకుతాయిరా. ఎనిమిదిసార్లు."

అతను నా కేలండరు కాగితం అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ కాగితం వెనక మా పాలవాడి లెక్క కూడా ఉందన్న సంగతి నాకు తర్వాత గుర్తొచ్చింది.

పది రోజులకి సాయంత్రం నాలుగింటికి వీధిలో హారను మోగింది. తెల్ల కారు, ముందు బంతిపూల దండ. సూరమ్మ అప్పటికే వెనకసీటు ఎక్కి కూర్చుంది.

"నాలుగేళ్ళకే రాయించానండి," అన్నాడు కామేశం తల గోక్కుంటూ. "నెలనెలా కొంచెం బరువే. ఇంకో ఇద్దరు పిల్లలకి పాఠం ఒప్పుకున్నాను."

ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది. మేష్టారు చెప్పులు చేత్తో పట్టుకుని, మలుపు దగ్గర కాస్త ఆగి, ఒక్కొక్క మెట్టే ఉత్త పాదాలతో తడుముతూ కిందికి దిగి కారెక్కారు.

"మెట్లు పొడిగానే ఉన్నాయి. పోనియ్యి," అన్నారు.