నూకాలు దాచుకున్న ఎర్ర పెన్సిలు

అనగనగా, రంగు పెన్సిలంటే జనం నోరెళ్లబెట్టి చూసే కాలం. అప్పుడు ఓ మెట్ట ఊరికి నూకాలనే పిల్ల కోడలిగా వచ్చింది. పుట్టిల్లు ఎక్కడో కాలవల అవతల. పెళ్లిలో మర్యాదలు తక్కువయ్యాయని అత్త గురవమ్మ నలుగురిలో ఓ మాట అనేసింది. నూకాలు అన్నకి రోషం వచ్చింది. ఇక మీ గడప తొక్కనని వెళ్లిపోయాడు. పుట్టింటివాళ్లు వచ్చి పిలిస్తేనే ఆడపిల్ల వెళ్లాలి. అదీ అప్పటి పద్ధతి. ఏం పద్ధతో, తగలెయ్య!

పెళ్లాం ఏడుపు చూడలేక అంకయ్య తిరనాళ్లలో మూడు రంగు పెన్సిళ్లు కొనిచ్చాడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నూకాలు సున్నం వేసిన గోడ మీద తన ఊరు గీసింది. ఆకుపచ్చతో వరిచేలు గీసింది, కొబ్బరితోట గీసింది. నీలంతో కాలవ గీసింది, కాలవలో పడవ గీసింది. ఎర్రది మాత్రం ముట్టుకోలేదు.

"ఇంతకీ మీ ఇల్లేదే?" అని గురవమ్మ అడిగింది.

"మాది పెంకుటిల్లత్తా. ఎర్రరంగుతో గీయాల. మా అన్న పిలవడానికొచ్చిన రోజు గీస్తాను."

పంటలు ఇంటికొచ్చాయి, పిలుపు రాలేదు. వానలు పడ్డాయి, పిలుపు రాలేదు. మళ్లీ తిరనాళ్లొచ్చాయి. పెన్సిళ్లమ్మేవాడూ రాలేదు, పిలుపూ రాలేదు.

ఓ మధ్యాహ్నం గురవమ్మ గోడ ముందు చతికిలబడింది.

"మా ఊరు కూడా గియ్యవే," అంది.

"మీ ఊరెలాగుంటదత్తా?"

గురవమ్మ నోరు తెరిచింది. వీధి గుర్తురాలేదు, ఇల్లు గుర్తురాలేదు, ఆడుకున్న చోటు గుర్తురాలేదు.

"కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు... అంతే గుర్తుందే," అని ముసలామె చిన్నపిల్లలా ఏడ్చింది.

నూకాలు గుండె నీరైపోయింది. ఎర్ర పెన్సిలు తీసింది.

ఇంకేముంది, ఊళ్లో కోడళ్లంతా వచ్చిపడ్డారు. పక్కింటి లింగమ్మకి పుట్టింటి వాకిట్లో మందారచెట్టు కావాలి. ఎదురింటి కోటమ్మకి గడపలో ఎర్రచీర కట్టుకుని నిలబడ్డ అమ్మ కావాలి. నూకాలు ఎవర్నీ కాదనలేదు.

"మరి మీ ఇంటికి రంగు మిగలొద్దటే?" అని వాళ్లే అడిగేవారు.

"నా ఇంటికెంత కావాలిలే," అనేది.

అలా గీస్తూ గీస్తూ ఉండగా పెన్సిలు అరిగిపోయింది. మరుసటి వానల్లో నూకాలుకి విషజ్వరం వచ్చింది. మంచం గోడ వైపు జరపమంది. చూసుకుంటూ చూసుకుంటూ పోయింది పిచ్చితల్లి.

చావు కబురు విని అప్పుడొచ్చాడండీ అన్న! గోడ మీద బొమ్మ చూశాడు. తన చేలున్నాయి. తన కాలవుంది. తన పడవుంది.

"మరి మా ఇల్లేది?" అన్నాడు.

గురవమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"నువ్వొచ్చిన రోజు గీస్తానంది నాయనా."

అన్న ఆ గోడకి తల ఆనించి కుమిలి కుమిలి ఏడ్చాడు. ఏం లాభం?

ఆ సీమలో ఇప్పటికీ చెల్లెల్ని పిలవడానికి వెళ్లే అన్న, పళ్లతోపాటు ఓ ఎర్ర పెన్సిలు పట్టుకెళ్తాడు. అది చెల్లెలి చేతిలో పెట్టాక ఏ అత్తా కాదనదు. కోడలి బట్టలు తనే సర్దుతుంది. ఎవడైనా అలిగి ఇంట్లో కూర్చుంటే వీధిలోవాళ్లు ఊరుకోరు.

"ఏమయ్యా, ఆ పిల్ల ఇల్లు గీసుకోవద్దా? లే, బయల్దేరు!" అంటారు.